నెలకు ఇంతే కదా!

పర్లాకిమిడి

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మీరు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతున్నారు. ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. కూడబలుక్కుని అయినా మీరే చదవండి. అర్థం కాని చోట అమ్మని అడగండి.

మొన్న మన పెద్దోడు కొత్త ఫోన్ సంగతి చెబుతూ "నెలకు రెండు వేలే కదా తాతయ్యా" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోపం వచ్చి కాదు. అదే మాట నా పంతొమ్మిదో ఏట నేనూ అన్నాను. ఆ సంగతి మీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

అది 1974. అప్పటికి గజపతి జిల్లా లేదు, మన ఊరు గంజాం జిల్లాలో ఉండేది. ఒక షావుకారు గారి కొట్లో గుమాస్తాగా చేరాను, జీతం 110 రూపాయలు. కొండల మీంచి సవరలు తెచ్చే చింతపండు, పసుపు, కొండ చీపుళ్లు కొని బయటికి పంపే వ్యాపారం ఆయనది. రెండు గోదాములు, ధాన్యం మిల్లులో వాటా, ఏటి పక్క పొలం ఉండేవి. అయినా ఆయన్ని చూస్తే అంత ఉన్నవాడని ఎవరూ అనుకోరు. ఉత్తరాలొచ్చిన కవర్లను విప్పి, తిరగేసి అంటించి, వాటిలోనే జవాబులు పంపేవారు. పురికొస ముక్క దొరికితే ముడేసి ఉండకు చుట్టేవారు. ఆ ఉండ కొబ్బరికాయంత ఉండేది. వసూళ్లకు పాతపట్నం నడిచే వెళ్లేవారు.

ఊళ్లో ఆయన్ని పిసినారి అనేవారు. కొన్నాళ్లు నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత శనివారాలు చూశాను. కళాసీల కూలి దీపాలు పెట్టకముందే వాళ్ల చేతిలో పడాలి. గల్లాపెట్టెలో లేకపోతే ఇంట్లోంచి తెప్పించి ఇచ్చేవారు. చింతపండు తూచేటప్పుడు ముల్లు నిలబడేదాకా ఆగి, తెచ్చిన ఆడవాళ్లకు కనబడేలా పక్కకు జరిగేవారు. కొలతలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనకుండా "లాభం, రెండు, మూడు" అనడం మీరు సంతలో వినే ఉంటారు. ఆయన లాభం అన్న తూకం కూడా పూర్తి తూకమే.

ఇక నా సంగతి. సైకిలు మీద మోజు పుట్టి ఒకాయన దగ్గర 300 రూపాయలు తెచ్చాను, నూటికి మూడు వడ్డీకి. అంటే నెలకు తొమ్మిది రూపాయలు. నెల నెలా తొమ్మిదీ కట్టేసి దర్జాగా తిరిగాను. రెండున్నరేళ్ల తర్వాత ఒక సాయంత్రం షావుకారు గారు "సైకిలు బాకీ తీరిందా?" అని అడిగారు. "లేదండీ, నెలకు తొమ్మిదే కదా, కడుతున్నాను" అన్నాను.

ఆయన ఒక పాత కవరు వెనక్కి తిప్పి, పెన్సిలు ముక్క నా చేతికిచ్చి రాయమన్నారు. తొమ్మిది, పద్దెనిమిది, ఇరవై ఏడు... ఒక్కొక్క నెలే రాయించారు, గుణించనివ్వలేదు. ముప్పైవ గడిలో 270 వచ్చింది. "అసలెంత ఉంది?" అన్నారు. "మూడొందలూ అలాగే ఉందండీ" అన్నాను. అంతే, నా నోట మాట రాలేదు. ఆ కవరు మీద గోధుమరంగు జిగురు మరక ఇప్పటికీ నా కళ్లముందు ఉంది.

"సైకిలు తొక్కుతున్నది నువ్వు, ఊరేగుతున్నది నీకు అప్పిచ్చినాయనరా" అన్నారు షావుకారు గారు. ఇక మీదట ఎవరు నెలకు ఎంతో చెప్పినా, మొత్తం ఎంతని అడగమన్నారు.

మర్నాడే ఆ 300 షావుకారు గారే కట్టేసి, నా జీతంలో నెలకు 30 చొప్పున పట్టుకోవడం మొదలుపెట్టారు. పది నెలలకు బాకీ తీరింది. పదకొండో నెలలోనూ 30 తక్కువే ఇచ్చారు! నేను మొహమాటంగా నిలబడితే, "80తో బతకడం నీకు అలవాటైపోయింది కదా" అని పోస్టాఫీసుకు తీసుకెళ్లి, నెల నెలా కొంత కట్టే రికరింగ్ డిపాజిట్ తెరిపించారు. ఐదేళ్లలో నేను కట్టినది 1,800, వడ్డీతో కలిపి అంతకన్నా ఎక్కువే చేతికొచ్చింది. మీ చిన్నమ్మమ్మ పెళ్లికి నా వంతు ఖర్చు అప్పు లేకుండా పెట్టాను. నెలకు ఇంతే కదా అన్న మాటే, ఈసారి నా వైపు పనిచేసింది.

ఇప్పుడు మీ కాలం సంగతి. వడ్డీ లేని ఈఎంఐ, అంటే నెలవారీ వాయిదా, అంటారు. 2013లోనే రిజర్వు బ్యాంకు, సున్నా వడ్డీ అనేది అసలు లేదని బ్యాంకులకు సర్క్యులర్ రాసింది. వడ్డీ ప్రాసెసింగ్ ఫీజులోనో, మీకు రాకుండా పోయిన డిస్కౌంటులోనో దాక్కుంటుంది. వాయిదాలూ ఫీజులూ అన్నీ చేత్తో కూడి, రొక్కానికి ఎంతకిస్తారో అడిగి పక్కన పెట్టి చూడండి.

క్రెడిట్ కార్డు బిల్లులో కనీస మొత్తం కట్టి ఊరుకోవడమంటే నా తొమ్మిది రూపాయల కథే. నెలకు మూడున్నర శాతం వడ్డీ పడే కార్డు మీద బాకీ వదిలేస్తే, ఇరవై నెలలు దాటేసరికి రెట్టింపవుతుంది. దీనికి ఒక సులువుంది. 72ని వడ్డీ శాతంతో భాగిస్తే, చక్రవడ్డీకి సొమ్ము ఎన్నాళ్లలో రెట్టింపవుతుందో సుమారుగా వస్తుంది; నెల వడ్డీతో భాగిస్తే నెలలు, ఏడాది వడ్డీతో భాగిస్తే ఏళ్లు. నూటికి రెండు వడ్డీ అంటే ఏడాదికి 24, కాబట్టి మూడేళ్లు. పీపీఎఫ్ అనే ప్రభుత్వ పొదుపు పథకానికి 2020 ఏప్రిల్‌లో ఏడాది వడ్డీ 7.1 శాతం చేశారు. ఆ లెక్కన పదేళ్లు పైచిలుకు. అప్పు మూడేళ్లకే రెట్టింపవుతుంటే పొదుపు పదేళ్లు తీసుకుంటోంది. అందుకే, చేతిలో డబ్బుంటే ముందు అప్పు తీర్చండి.

ఏడాదికి నూటికి పది కాదు, ఇరవై వడ్డీ ఇస్తానని ఎవరైనా ఆశపెడితే, అంత వడ్డీ ఎక్కడ సంపాదించి ఇస్తాడో అడగండి. 2013 ప్రాంతంలో మన ఒడిశాలో డిపాజిట్లు వసూలు చేసిన కంపెనీలు మూతపడినప్పుడు ఎందరి కష్టార్జితం పోయిందో కళ్లారా చూశాను. బ్యాంకులో వేసిన డబ్బుకు అసలూ వడ్డీ కలిపి, మనిషికి ఒక్కో బ్యాంకులో ఐదు లక్షల దాకా ఇన్సూరెన్స్ ఉంది. అలాంటి కంపెనీలకు అది లేదు.

పెద్దోడా, ఫోన్ వద్దనడం లేదు నాన్నా. ఆ రెండు వేలూ ఈ నెల నుంచే పోస్టాఫీసులో కట్టు. అది కట్టలేకపోతే ఈఎంఐ కూడా కట్టలేవు. కట్టగలిగితే ఫోన్ రొక్కానికే కొనుక్కుంటావు.

దసరాకు అందరూ రండి. మీకు తలా ఒక పొడుగు నోటుబుక్కు కొని ఉంచాను. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు అని గీతలు కూడా గీశాను. చిట్టా రాయడం నేనే నేర్పుతాను. మొదటి పేజీలో శ్రీ రాసి, తాతయ్య ఇచ్చినది 100 అని జమలో వేశాను. ఆ వంద పుస్తకంలోనే ఉంది.

ఇట్లు,
మీ తాతయ్య