"ఫైనల్‌కు వస్తే చాలు" అన్నది మనమే: కాలేజీ అథ్లెటిక్స్‌లో అపోహలు, వాస్తవాలు

ఇంటర్ కాలేజియేట్ మీట్‌కు ఎంట్రీలు పంపే వారంలో నా గదికి వచ్చే తల్లిదండ్రులు దాదాపు అందరూ ఒకే మాట అంటారు: "సార్, మావాడి పేరు కూడా రాయండి, పాల్గొన్నట్టు ఒక సర్టిఫికెట్ వస్తే చాలు." గుంటూరులో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేస్తున్న ఇన్నేళ్లలో ఈ "చాలు" అనే మాటను తల్లిదండ్రుల నుంచే కాక తోటి అధ్యాపకుల నుంచి కూడా విన్నాను, ఒకప్పుడు నేనూ అన్నాను. అందుకే ముందుగా దాని గురించే రాస్తున్నాను.

అపోహ: మన పిల్లల ఒంట్లో ఉన్న సత్తా ఇంతే, పతకాలు కేరళ, హర్యానా వాళ్లకే రాసిపెట్టి ఉన్నాయి.

వాస్తవం: ఒంట్లో ఏముందో మనం ఎన్నడూ సరిగా చూడలేదు. పదో తరగతి దాకా జిల్లా స్థాయిలో పరుగెత్తిన పిల్లవాణ్ణి ఇంటర్ రెండేళ్లూ మైదానమే లేని హాస్టల్లో తెల్లవారి నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా కూర్చోబెడతాం. డిగ్రీలో చేరాక మీట్‌కు పది రోజుల ముందు పిలిచి, తొలిరోజే నాలుగు వందల మీటర్లు పూర్తి వేగంతో పరుగెత్తించి, వాడు రొప్పుతూ కూలబడితే "వీడి స్థాయి ఇదే" అని తీర్పు చెబుతాం. దమ్ము కొన్ని వారాల్లోనే పెరగడం మొదలైనా, ఎముకలూ కీళ్లూ పరుగు తాకిడికి అలవాటు పడడానికి నెలలు పడుతుంది. పది రోజుల హడావిడిలో ముంగాలి ఎముక నొప్పి రావడం సహజమే గాని, దాన్ని కూడా మనం "ఒళ్లు తట్టుకోలేదు" అన్న ఖాతాలోనే వేస్తాం.

కొన్నేళ్ల క్రితం నా దగ్గర ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తే కుర్రాడు ఒకడు ఉండేవాడు. తెనాలి నుంచి తొలి రైల్లో వచ్చి బి.ఆర్. స్టేడియంలో సాధన చేసేవాడు. ఇంటర్ యూనివర్సిటీ పోటీలకు వెళ్లినప్పుడు, ఒత్తిడి తగ్గిద్దామన్న ఉద్దేశంతో, "ఒరేయ్, ఫైనల్‌కు వస్తే చాలురా" అన్నాను. ఫైనల్‌కు ముందు జరిగే అర్హత పరుగుల్లో (హీట్స్) 2 నిమిషాల 1 సెకనులో పరుగెత్తి ఫైనల్‌కు వచ్చాడు. ఫైనల్‌లో ఆఖరి ల్యాప్ గంట మోగేసరికి ఐదో స్థానంలో ఉన్నవాడు, ముందున్నవాళ్లు వేగం పెంచినా తాను పెంచలేదు. 2 నిమిషాల 7 సెకన్లతో ఎనిమిదో స్థానంలో ముగించి, నా పక్కన కూర్చుని స్పైక్స్ లేసులు విప్పుకుంటూ, "మీరు చెప్పినట్టే ఫైనల్‌కు వచ్చాను కదా సార్" అన్నాడు. వాడికి సరిగా ఆయాసం కూడా రాలేదు. నేను అడిగినదంతా వాడు చేశాడు, అడిగింది అంతేనని నాకు అప్పుడు అర్థమైంది.

ఇది మా ఒక్క కాలేజీకి పట్టిన జబ్బు కాదు. విశాఖకు చెందిన, గుంటూరు దగ్గర కూడా శిక్షణ పొందిన జ్యోతి యర్రాజి 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అఖిల భారత ఇంటర్ యూనివర్సిటీ మీట్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 2002లో అనురాధా బిస్వాల్ నెలకొల్పిన 13.38. అయినా డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు అన్న కారణాలతో ఆ పరుగు రికార్డుగా లెక్కకు రాలేదు. విశ్వవిద్యాలయ మీట్‌లో జాతీయ రికార్డు బద్దలవుతుందని ఎవరైనా ముందుగా ఊహించి ఉంటే ఆ ఏర్పాట్లు ఉండేవని నా నమ్మకం. ఆమె 2022 మేలో సైప్రస్‌లో 13.23తో రికార్డును అధికారికంగా అందుకుంది. 2023లో చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78తో దాన్ని మరింత మెరుగుపరచి కాంస్యం గెలిచింది. ఆమె తండ్రి సెక్యూరిటీ గార్డు అన్న సంగతిని "ఉన్నవాళ్లకే ఆటలు" అనేవారి కోసం ఇక్కడ చెబుతున్నాను.

మన మీట్లలో స్టాప్‌వాచ్ కూడా జాలి చూపిస్తుంది. చేతి వాచీలో 11.32 వస్తే నిబంధన ప్రకారం పై పదో వంతుకు పెంచి 11.4గా రాయాలి, మనం 11.3 రాసి చప్పట్లు కొడతాం. పైగా చేతి వాచీ కాస్త ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి, వంద మీటర్లలో చేతి టైమింగ్‌ను ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో పోల్చాలంటే 0.24 సెకను కలపాలి. ఇవేవీ చెప్పకుండా పంపితే, పెద్ద మీట్‌లో బోర్డు మీద 11.6 చూసిన పిల్లవాడు తాను దిగజారిపోయానని కుమిలిపోతాడు.

మిగతా అపోహల మీద ఎక్కువసేపు ఆగను. బరువులు ఎత్తితే ఆడపిల్లలు మగరాయుళ్లలా తయారవుతారన్నది వట్టి పుకారు. నెలసరి రోజుల్లో పరుగెత్తకూడదన్న నియమం ఏదీ లేదు, ఓపికను బట్టి తగ్గించుకుంటే సరిపోతుంది. పాల్గొన్న సర్టిఫికెట్ ఏదైనా స్పోర్ట్స్ కోటాకు పనికొస్తుందన్నదీ నిజం కాదు; ఏ స్థాయి పోటీ, అందులో ఏ స్థానం అన్నదాన్ని బట్టి ప్రాధాన్యక్రమం ఉంటుంది.

చదువు పాడవుతుందేమోనన్న భయాన్ని మాత్రం నేను తేలికగా తీసుకోను. మిర్చి యార్డులో కూలికి వెళ్లి ఫీజు కడుతున్న ఒక తల్లి ఈ మధ్య కూతురితో వచ్చి, "కాలు విరిగితే మాకెవరు దిక్కు సార్" అని అడిగింది. ఆమెకు ఒక కాగితం మీద అంతా రాసి ఇచ్చాను: ఉదయం ఆరు నుంచి ఏడున్నర దాకా సాధన, ఆదివారం విశ్రాంతి, పరీక్షలకు ముందు రెండు వారాలు తేలికపాటి వ్యాయామం మాత్రమే. అడుగున ఆ అమ్మాయి నాలుగు వందల మీటర్ల లక్ష్యంగా నేను 62 సెకన్లు అని రాస్తే, ఆ అమ్మాయే నా చేతిలోని పెన్ను తీసుకుని, దాన్ని కొట్టేసి 59 అని రాసింది.