సొంతదారు సర్కారు, ధర చెప్పేది మండలి: విశాఖ కరెంటు బిల్లు వెనక చరిత్ర

విశాఖలో ఏ ఇంటి కరెంటు బిల్లయినా తీసుకుని అందులోని వరసలు చూడండి. ఎనర్జీ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, ఎలక్ట్రిసిటీ డ్యూటీ, ఎఫ్‌పీపీసీఏ (ఇంధనం, విద్యుత్ కొనుగోలు ఖర్చుల సర్దుబాటు), ట్రూఅప్ (అంచనాకూ అసలు ఖర్చుకూ ఉన్న తేడా). బిల్లు ఇచ్చేది సీతమ్మధారలో ప్రధాన కార్యాలయం ఉన్న విద్యుత్ పంపిణీ కంపెనీ ఏపీఈపీడీసీఎల్ ఒక్కటే. ఈ వరసలకు అధికారం మాత్రం ఒక్కచోటి నుంచి రాదు. మొదటి మూడూ విద్యుత్ నియంత్రణ మండలి, అంటే ఏపీఈఆర్‌సీ ఇచ్చే టారిఫ్ ఆర్డర్ ప్రకారం పడతాయి. డ్యూటీ రాష్ట్ర ప్రభుత్వం వేసే పన్ను. 2022లో వాణిజ్య, పారిశ్రామిక కనెక్షన్ల మీద దాన్ని యూనిట్‌కు 6 పైసల నుంచి రూపాయికి పెంచినప్పుడు మండలి ముందు విచారణేమీ జరగలేదు, చట్టప్రకారం జరగాల్సిన పనీ లేదు. చివరి రెండు వరసలూ గడిచిపోయిన నెలల, ఏళ్ళ ఖర్చులు.

ఈపీడీసీఎల్ పూర్తిగా రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ. తన కంపెనీ ధరను ప్రభుత్వం తానే నిర్ణయించుకోకుండా మధ్యలో మండలి ఎందుకు వచ్చింది? వచ్చాక ఏం మారింది, ఏం మారలేదు? ఏ పార్టీ హయాంలో ఎంత పెరిగిందన్న వాదనలో ఈ రెండు ప్రశ్నలూ ఎప్పుడూ పక్కకు పోతుంటాయి.

కరెంటు మన ప్రాంతానికి ప్రభుత్వ సొత్తుగా రాలేదు. 1910 చట్టం కింద లైసెన్సు తీసుకున్న ప్రైవేటు కంపెనీలు పట్టణాలకు సరఫరా చేసేవి. వాటిని స్వాధీనం చేసుకోవడానికి మద్రాసు ప్రభుత్వం 1949లో చట్టం తెస్తే రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్ కోర్టుకెక్కింది. ఆ చట్టం చేసే అధికారం రాష్ట్ర శాసనసభకు లేదని 1954లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కొత్తగా ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రం అదే ఏడాది మరో చట్టం చేసుకుంది. ఇవాళ ఈపీడీసీఎల్ పరిధిలో ఉన్న గోదావరి జిల్లాల్లో కరెంటు సర్కారు చేతికి రావడం వెనక ఇంత తగువు నడిచింది.

1948 నాటి విద్యుత్ సరఫరా చట్టం రాష్ట్ర విద్యుత్ బోర్డులకు దారి తీసింది. మన రాష్ట్ర బోర్డు ఏపీఎస్‌ఈబీ 1959 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఉత్పత్తి, హైటెన్షన్ లైన్లు, వీధి స్తంభం, బిల్లు అన్నీ దానివే. ధర నిర్ణయించేదీ బోర్డే. కాగితం మీద అది స్వతంత్ర సంస్థ. ఆ చట్టంలోని 59వ సెక్షన్, తర్వాతి సవరణలతో కలిపి, స్థిరాస్తుల విలువ మీద కనీసం 3 శాతం మిగులు చూపించమని బోర్డుకు చెప్పింది. ఈ 3 శాతమే మొత్తం వ్యవస్థను లోపల్నుంచి తినేసింది. రేట్లు పెంచకుండా, నష్టాలు తగ్గించకుండా మిగులు చూపడానికి ఒక దారి ఉంది. ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుందని పద్దులో రాసుకోవడమే. డబ్బు చేతికి రాకపోయినా పద్దు సరిపోతుంది. మరో దారి, లెక్కలో తేలని కరెంటును వ్యవసాయం ఖాతాలో వేయడం. 1980ల తొలినాళ్ళలో పంపుసెట్లకు మీటర్లు పోయి హార్స్‌పవర్ చొప్పున ఏడాదికింతని కట్టే పద్ధతి వచ్చాక ఈ రెండో దారి బాగా సులువైంది. మోటారు ఎన్ని గంటలు తిరిగిందో కొలిచే సాధనమే లేదు కాబట్టి, దొంగతనం, కాలిన ట్రాన్స్‌ఫార్మర్లు, సన్నటి కండక్టర్లలో పోయే నష్టం అన్నీ రైతు పేరు మీదికి చేరాయి. రైతు అంత వాడాడో లేదో ఎవరూ చెప్పలేరు.

1990లు గడుస్తున్నకొద్దీ ఈ పద్దు నడవలేదు. ప్రపంచ బ్యాంకు రుణం షరతులతో వచ్చింది. రాష్ట్ర విద్యుత్ సంస్కరణల చట్టం 1999 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చింది. అదే రోజు బోర్డు జెన్‌కో (ఉత్పత్తి), ట్రాన్స్‌కో (సరఫరా లైన్లు)లుగా చీలింది. ఆ ఏడాదే జి.పి. రావు ఛైర్మన్‌గా నియంత్రణ మండలి ఏర్పడింది. 2000 ఏప్రిల్ 1న పంపిణీ పని విడిపోయి నాలుగు డిస్కంలు, అంటే పంపిణీ కంపెనీలు వచ్చాయి. శ్రీకాకుళం నుంచి పశ్చిమ గోదావరి వరకూ ఉన్న ఐదు ఉమ్మడి జిల్లాలతో విశాఖ కేంద్రంగా ఈపీడీసీఎల్ అలా పుట్టింది. ఇప్పటి బిల్లులోనూ ఆ విభజన ముద్ర ఉంది. 1999కి ముందు బోర్డులో చేసిన ఉద్యోగుల పింఛన్ల కోసం జెన్‌కో పేరు మీద బాండ్లు పెట్టారు. వాటి వడ్డీ భారం విద్యుత్ కొనుగోలు ఖర్చులో కలిసి మన దాకా వస్తోంది.

2000 మే 27న మండలి ఇచ్చిన టారిఫ్ ఆర్డర్ రాష్ట్రాన్ని కుదిపింది. ధరల పెంపుకు వ్యతిరేకంగా సాగిన ఆందోళన మీద ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఆ మరణాలను రేట్ల చరిత్రలో ఒక వాక్యంగా దాటేయకూడదు. మండలిని పెట్టిన ప్రభుత్వం ‘ధర మాది కాదు, వాళ్ళది’ అని అనగలిగిన తొలి సందర్భం అది, జనం ఆ మాట ఒప్పుకోని సందర్భమూ అదే. కంపెనీ ప్రభుత్వానిదైనప్పుడు నింద మండలికి బదిలీ కాదని అప్పుడే తేలింది.

2003 జూన్ 10న అమల్లోకి వచ్చిన కేంద్ర విద్యుత్ చట్టం పాత చట్టాల చాలా భాగాన్ని తుడిచేసింది. మండలి సభ్యులను ఎంపిక చేసే కమిటీకి హైకోర్టు మాజీ న్యాయమూర్తి అధ్యక్షుడు, రాష్ట్ర ప్రధాన కార్యదర్శి ఒక సభ్యుడు. పదవి అయిదేళ్ళు, లేదా 65 ఏళ్ళు నిండేదాకా. ప్రజాప్రయోజనం ఉన్న విధాన విషయాల్లో 108వ సెక్షన్ కింద ప్రభుత్వం రాతపూర్వకంగా ఆదేశాలు ఇవ్వొచ్చు. అసలు పట్టు మాత్రం 65వ సెక్షన్‌లో ఉంది. ఏ వర్గానికైనా తక్కువ ధరకు కరెంటు ఇవ్వాలని ప్రభుత్వం అనుకుంటే ఆ తేడా డబ్బు ముందుగా కట్టాలి. కట్టకపోతే ఆ ఆదేశం చెల్లదు, మండలి చెప్పిన ధరే అమల్లో ఉంటుంది. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం వ్యవసాయ ఉచిత విద్యుత్తు మీద పెట్టారు. అప్పటి నుంచి ప్రతి టారిఫ్ ఆర్డర్ ఈ సెక్షన్ చుట్టూనే తిరుగుతోంది.

ఏటా జరిగేది ఇదీ. నవంబరు 30 లోపు డిస్కంలు వచ్చే ఏడాది ఆదాయ అవసరాన్ని, అంటే ఏఆర్‌ఆర్‌ను మండలికి ఇవ్వాలి. ఎన్ని యూనిట్లు అమ్ముతాం, ఏ ప్లాంటు నుంచి ఎంతకు కొంటాం, లైన్ల నష్టం ఎంత, జీతాలు, మరమ్మతులు, అప్పు మీద వడ్డీ అన్నీ అందులో ఉంటాయి. మొత్తంలో సింహభాగం విద్యుత్ కొనుగోలుదే. బిల్లు తగ్గాలన్నా పెరగాలన్నా అక్కడే. దరఖాస్తు అందిన 120 రోజుల్లో మండలి ఆర్డర్ ఇవ్వాలి కాబట్టి లెక్క మార్చి నెలాఖరుకు సరిపోతుంది, కొత్త ధర ఏప్రిల్ 1 నుంచి. మండలి మొదట ఏ సబ్సిడీ లేకుండా పూర్తి ఖర్చు రాబట్టే ధరను కడుతుంది. అది చూపించి, ఎవరికి ఎంత భరిస్తారో చెప్పమని ప్రభుత్వాన్ని అడుగుతుంది. ప్రభుత్వం అంగీకారం తెలిపాక ఆ మేరకు తగ్గించి అమలయ్యే ధరను ప్రకటిస్తుంది. ఇళ్ళకు 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన శ్లాబుల్లో తొలి 30 యూనిట్లు రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6. ఆ లెక్కన 200 యూనిట్లు కాలిస్తే ఎనర్జీ చార్జీ 57, 135, 225, 450 కలిపి రూ.867.

ఇంత పద్ధతిగా ఉన్నదెక్కడ తప్పుతుంది? మొదటిది, తేదీ. ఎన్నికల ముందు ఏడాది డిస్కం ఏఆర్‌ఆర్ ఆలస్యం చేస్తే, ఇవ్వకుండానే కూర్చుంటే, పాత ధరే సాగుతుంది, లోటు అప్పుగా మారుతుంది. దేశమంతా ఇదే జబ్బు ఉండటంతో, దరఖాస్తు రాకపోతే మండళ్ళు తమంతట తామే ధర నిర్ణయించాలని విద్యుత్ అప్పీలు ట్రిబ్యునల్ 2011 నవంబరు 11న ఆదేశించింది. రెండోది, సబ్సిడీ. ఒప్పుకున్న మొత్తం ‘ముందుగా’ రాదు, నెలల తరబడి బకాయి పడుతుంది. 65వ సెక్షన్ ప్రకారం ఆదేశం చెల్లదని ప్రకటించి రైతుకు బిల్లు వేయమని మండళ్ళు అనడం కనపడదు, అనడం న్యాయమూ కాదు. దాంతో చట్టంలో అతి పదునైన సెక్షన్ ఒరలోంచి బయటకు రాదు. మూడోది, శిక్ష. ఆర్డర్ పాటించకపోతే 142వ సెక్షన్ కింద ఒక్కో ఉల్లంఘనకు గరిష్ఠంగా లక్ష రూపాయల జరిమానా. ప్రైవేటు కంపెనీకి ఒక ఖర్చును మండలి నిరాకరిస్తే వాటాదారు లాభం తగ్గుతుంది, యాజమాన్యం జాగ్రత్తపడుతుంది. ప్రభుత్వ డిస్కంకు నిరాకరిస్తే లాభం పోగొట్టుకునేవాడు ఎవరూ లేరు. ఆ మొత్తం బ్యాంకు అప్పవుతుంది. ఎప్పుడో ఒకనాడు ఖజానా దాన్ని నెత్తికెత్తుకుంటుంది. 2015లో కేంద్రం తెచ్చిన ఉదయ్ పథకం చేసింది అదే. డిస్కంల అప్పులో 75 శాతాన్ని రాష్ట్రాలు తీసుకోవాలంది. ప్రభుత్వ కంపెనీని నియంత్రించడంలో ఉన్న అసలు కష్టం ఇదే.

ట్రూఅప్ ఇక్కడి నుంచే పుట్టింది. అంచనా ఖర్చుకూ అసలు ఖర్చుకూ తేడాను తర్వాత సర్దుబాటు చేయడం న్యాయమే. నష్టమల్లా ఆలస్యంలో ఉంది. 2014-19 కాలపు పంపిణీ ఖర్చుల తేడా రూ.3,669 కోట్లు వసూలు చేసుకోవచ్చని మండలి 2021లో ఉత్తర్వు ఇచ్చింది. ఈపీడీసీఎల్ పరిధిలో యూనిట్‌కు 45 పైసలు, మిగతా రాష్ట్రంలో రూ.1.23. 200 యూనిట్ల ఇంటికి విశాఖలో రూ.90, తిరుపతిలో రూ.246. బహిరంగ నోటీసు విషయంలో లోపం బయటపడి ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుని మళ్ళీ విచారించాల్సి వచ్చింది. ఒక నోటీసు పద్ధతి ప్రకారం వేయకపోతే వేల కోట్ల ఉత్తర్వు ఆగిపోతుందని గుర్తుపెట్టుకోవాలి.

ఆ 45 పైసలకూ రూ.1.23కూ మధ్య తేడాలో విశాఖ ప్రత్యేకత ఉంది. రాయలసీమలో లోతు బోర్లు, లక్షల సంఖ్యలో పంపుసెట్లు, పొడవాటి లైన్లు. ఇక్కడ పోర్టు, స్టీలు, విజయనగరం జిల్లా ఫెర్రో పరిశ్రమలు, నగరం. ఈపీడీసీఎల్‌కు బిల్లు కట్టే వాడకం ఎక్కువ, వ్యవసాయ భారం తక్కువ. అయినా మామూలు రిటైల్ ధర రాష్ట్రమంతటా ఒకటే. తక్కువ ఖర్చుతో నడిచే డిస్కం వినియోగదారులు ఆ మేరకు ఇతర ప్రాంతాలకు ఆసరా అవుతున్నారు. ఇది తప్పు అనను. ఏ ఏడు ఎంత ఆసరా అవుతున్నదీ ఒక్క వాక్యంలో బయటికి చెప్పాలి, అంతే.

ఇంధనం తేడా, అంటే ఎఫ్‌పీపీసీఏ, మరో కథ. 2023 ఏప్రిల్ నుంచి నెలనెలా యూనిట్‌కు 40 పైసల దాకా డిస్కం నేరుగా వేసుకోవచ్చు, మిగతాది ఏడాది చివర మండలి తేలుస్తుంది. అలా 2022-23కి రూ.6,072 కోట్లు, 2023-24కి రూ.9,412 కోట్ల వసూలుకు 2024లో అనుమతి వచ్చింది. ఈ చార్జీని పాత నెలల వాడకం మీద లెక్కకడతారు. కాబట్టి అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళాక ఆ మీటరు మీద పడే మొత్తం ఇంటి యజమానికో, కొత్తగా దిగినవాళ్ళకో వస్తుంది. ఇల్లు మారేటప్పుడు ఆఖరి బిల్లు కట్టేస్తే చాలదు, ఈ బాకీ ఎవరిదో ముందే రాసుకోవడం మంచిది.

విద్యుత్ కొనుగోలులో మండలి మాట ఎంతవరకు చెల్లుతుందో తెలియాలంటే విశాఖ దగ్గర పాలవలసలోని 1,040 మెగావాట్ల హిందూజా ప్లాంటు వ్యవహారం చదవాలి. ఒప్పందం మూలాలు 1990లవి, 2016లో కొనసాగింపు ఒప్పందం కుదిరింది. ధర తేల్చే పిటిషన్ విచారణలో ఉండగా డిస్కంలు తమ దరఖాస్తును వెనక్కి తీసుకుంటామన్నాయి. 2018 జనవరిలో మండలి ఒప్పుకుంది. ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వును కొట్టేసింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు డిస్కంల అప్పీళ్ళను తోసిపుచ్చి, పిటిషన్లను విచారించి తేల్చమని మండలికి చెప్పింది. ప్రభుత్వ సంస్థ కూడా ఇచ్చిన మాట మీద నిలబడాలన్నది అందులో సారం. ఇన్నేళ్ళ జాప్యానికి ఖర్చు ఎక్కడికి చేరుతుందో వేరే చెప్పక్కర్లేదు.

వ్యవసాయ వాడకం ఇప్పటికీ చాలామటుకు అంచనాయే. ఎంపిక చేసిన ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర మీటర్లు పెట్టి, హార్స్‌పవర్‌కు ఎన్ని యూనిట్లో తేల్చి, మొత్తం లోడుతో గుణిస్తారు. భారతీయ గణాంక సంస్థ రూపొందించిన పద్ధతి ఇది. మీటరు కాలిపోయినా, ఆగిపోయినా, ట్రాన్స్‌ఫార్మర్ మార్చినప్పుడు తిరిగి బిగించకపోయినా ఆ నమూనా పనికిరాదు. సరైన రీడింగులు తగ్గేకొద్దీ అంచనా గాలిలోకి పోతుంది. ఈపీడీసీఎల్ పరిధిలోని శ్రీకాకుళం జిల్లాలో సబ్సిడీని రైతు ఖాతాకే వేసే నగదు బదిలీ కోసం పంపుసెట్లకు మీటర్లు పెట్టిన ప్రయోగం మీద రైతు సంఘాలు, వామపక్షాలు ఆందోళన చేశాయి. మీటరు వచ్చాక బిల్లు వస్తుందన్న భయం ఊరికే పుట్టింది కాదు. ముందుగా రావాల్సిన సబ్సిడీ ఎన్నిసార్లు ఆలస్యమైందో రైతులు చూశారు.

వినియోగదారుడు చేయగలిగింది ఉంది. ఏఆర్‌ఆర్ నోటీసు పేపర్లలో వచ్చాక గడువులోగా అభ్యంతరం రాసి డిస్కంకు ఒక ప్రతి, మండలి కార్యదర్శికి ఒక ప్రతి పంపాలి. పేరు, చిరునామా, ఏ డిస్కం ప్రతిపాదన మీద, అభ్యంతరం ఏమిటి, స్వయంగా వినిపిస్తారా లేదా, ఇంతే కావాలి. ‘రేట్లు పెంచొద్దు’ అని రాస్తే ‘మండలి పరిశీలిస్తుంది’ అన్న జవాబు వస్తుంది. అలా కాకుండా పాత ఏడాది అంచనా, అసలు అంకెలు పక్కపక్కన పెట్టి, ఫలానా ప్లాంటు నుంచి ఇన్ని యూనిట్లు కొంటామని రాసి అన్ని ఎందుకు కొనలేదు, మార్కెట్లో ఎంతకు కొన్నారు, నమూనా ట్రాన్స్‌ఫార్మర్లలో పనిచేసే మీటర్లెన్ని, సబ్సిడీ బకాయి ఏ తేదీకి ఎంత అని అడిగితే డిస్కం అంకెలతోనే జవాబివ్వాలి. ఆ జవాబూ, దాని మీద మండలి అభిప్రాయమూ టారిఫ్ ఆర్డర్‌లో అచ్చవుతాయి. వ్యక్తిగత బిల్లు తప్పులు ఈ విచారణలో తేలవు. వాటికి ముందు 1912 ఫోన్ నంబరు, తర్వాత డిస్కంలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్. మండలి ఆర్డర్ మీదే అభ్యంతరముంటే, ప్రతి అందిన 45 రోజుల్లోగా ఢిల్లీలోని అప్పీలు ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి. విచారణలో లేవనెత్తిన అంకెలు ఆర్డర్‌లో అచ్చయి ఉంటే అక్కడ వాదించడానికి ఆధారం ఉంటుంది.