మట్టి కోర్టు మీద పురుషుల టెన్నిస్ సింగిల్స్: అపోహలు – వాస్తవాలు

అపోహ: మట్టి కోర్టు అంటే మట్టితో చేసింది.

కంటికి కనిపించే ఎరుపంతా ఇటుక పొడి. ఫ్రెంచ్ ఓపెన్ జరిగే పారిస్‌లోని రొలాండ్ గారోస్‌లో దాని మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. కింద ఆరేడు సెంటీమీటర్ల సున్నపురాయి పొడి, ఇంకా కింద బొగ్గు చిట్టెం, కంకర, అట్టడుగున రాళ్లు ఉంటాయి. బంతిని పైకి లేపేది ఆ తెల్లటి సున్నపురాయి పొరే. ఇటుక పొడి వల్ల రంగూ, కాలికి జారుడూ వస్తాయి.

సున్నపురాయి పొర తడి ఉన్నంతసేపే గట్టిగా పట్టి ఉంటుంది. ఎండితే పొడిపొడిగా లేచిపోతుంది. అందుకే సిబ్బందికి రోజూ నీళ్లు పట్టడమే పెద్ద పని. సెట్ అయ్యాక వలలాంటి చాపను కోర్టంతా లాగి పొడిని సమంగా పరుస్తారు, లైన్లను చీపురుతో తుడుస్తారు. ఆ పని సరిగ్గా జరగకపోతే బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెనుక ముందు తేడా తెలుస్తుంది. పొడి పక్కకు జరిగిన చోట జారాల్సిన కాలు ఠక్కున ఆగిపోతుంది, మోకాలికి అదే ప్రమాదం. కుప్పపడ్డ చోట బంతి అడ్డదిడ్డంగా లేస్తుంది. 2012లో స్పెయిన్‌లోని మాడ్రిడ్ టోర్నీ కోర్టుకు నీలం రంగు వేసినప్పుడు అగ్ర ఆటగాళ్లు నాదల్, జొకోవిచ్ మండిపడింది ప్రధానంగా విపరీతమైన జారుడు గురించే. మరుసటి ఏడాది మళ్లీ ఎరుపే.

అపోహ: మట్టి మీద బంతి నెమ్మది, కాబట్టి సర్వ్‌కు విలువ లేదు.

గాలిలో వచ్చే బంతి వేగం ఏ కోర్టు మీదైనా ఒకటే. నేలను తాకినప్పుడు రాపిడి ఎక్కువై ముందుకు వెళ్లే వేగం తగ్గుతుంది, బంతి ఎత్తుగా లేస్తుంది. ఈ రెండో సంగతిని చాలామంది మర్చిపోతారు. సర్వ్‌కు అసలు లాభం అక్కడే. కుడిచేతి ఆటగాడు అడ్వాంటేజ్ కోర్టు (తన ఎడమ సగం) నుంచి పక్కకు కిక్ సర్వ్ (బంతి తిరుగుతూ ఎత్తుగా లేచే సర్వ్) వేస్తే, కుడిచేతి ప్రత్యర్థి బ్యాక్‌హ్యాండ్ వైపు, అంటే ఎడమ వైపు, బంతి భుజం దాకా లేస్తుంది. అతను డబుల్స్ లైన్ అవతలికి వెళ్లి తిప్పికొట్టాలి. సర్వ్ చేసినవాడు తర్వాత కొట్టే ఫోర్‌హ్యాండ్‌కు సగం కోర్టు ఖాళీ. ఏస్ (ప్రత్యర్థి తాకలేని సర్వ్) పడలేదు గానీ పాయింట్ గెలిపించింది ఆ సర్వ్. 2011లో రొలాండ్ గారోస్ తొలి రౌండ్‌లో అమెరికా ఆటగాడు ఇస్నర్ నాదల్‌ను ఐదు సెట్ల దాకా లాగిందీ ప్రధానంగా సర్వ్ బలంతోనే.

పైగా ఒకే కోర్టు పొద్దున ఒకలా, రాత్రి ఒకలా ఆడుతుంది. ఎండకు కోర్టు, బంతి రెండూ చురుగ్గా ఉంటాయి. చల్లబడితే బంతి తేమను, పొడిని పీల్చుకుని బరువెక్కుతుంది, నూగు లేస్తుంది. అలాంటప్పుడు తీగల బిగువు కిలో వరకు తగ్గించి బిగించిన రాకెట్ తీస్తారు, లేకపోతే బంతి లోతుగా పడదు. బంతులు తొలిసారి 7 గేమ్‌లకు, ఆపైన ప్రతి 9 గేమ్‌లకు మారుస్తారు. కొత్త బంతులతో ఎవరు సర్వ్ చేస్తున్నారో గమనించండి, స్కోర్‌బోర్డు చెప్పని సంగతులు తెలుస్తాయి. మాడ్రిడ్ అయితే సముద్రమట్టానికి దాదాపు 650 మీటర్ల ఎత్తు. గాలి పలచన కావడంతో అక్కడి మట్టి మీద సర్వ్ ఇంకా బలంగా పోతుంది.

అపోహ: బంతి కొట్టాక ఆగడానికే జారతారు.

ఇది కొత్తవాళ్లు చేసే పొరపాటు. కొట్టి జారితే శరీరం కోర్టు బయటికి పోతుంది, వెనక్కి రావడానికి రెండడుగులు అదనం. సరైన పద్ధతిలో ఆఖరి పెద్ద అడుగుతో జారుడు మొదలవుతుంది, మోకాలు వంచి బరువు కిందకు దించుతారు, జారుడు ముగిసే క్షణంలో బంతిని కొడతారు. కొట్టేసరికి కాలు నిలదొక్కుకుని ఉంటుంది, మధ్యలోకి తిరిగి రావడం వెంటనే మొదలవుతుంది. బూటు అడుగున చేపముల్లు లాంటి గీతల్లో పొడి ఇరుక్కుంటే పట్టు పోతుంది. రాకెట్‌తో బూట్లను తట్టేది అందుకే, అదేదో అలవాటు అనుకోవద్దు.

అపోహ: పాత చాంపియన్‌కు డ్రాలో (ఎవరు ఎవరితో ఆడాలో తేల్చే పట్టికలో) రాయితీ ఉంటుంది.

ఉండదు. రొలాండ్ గారోస్‌లో ఆడే 128 మందిలో 104 మంది నేరుగా, 16 మంది క్వాలిఫయింగ్ గెలిచి, 8 మంది వైల్డ్ కార్డుతో (నిర్వాహకుల ఆహ్వానంతో) వస్తారు. తొలి రౌండ్లలో ఒకరికొకరు ఎదురుపడకుండా విడిగా ఉంచే 32 మంది సీడ్‌లు ర్యాంకింగ్‌ను బట్టే. అక్కడ 14 టైటిళ్లు గెలిచిన నాదల్ 2024లో సీడ్ లేకుండా దిగి తొలి రౌండ్‌లోనే జ్వెరెవ్‌కు ఎదురుపడ్డాడు, వరుస సెట్లలో ఓడాడు.

ఐదో సెట్ ఎంతసేపైనా సాగుతుందన్న మాట కూడా పాతదే. 2022 నుంచి 6-6 దగ్గర 10 పాయింట్ల టైబ్రేక్ (సెట్‌ను తేల్చే చివరి గేమ్) ఆడుతున్నారు. 2025 రొలాండ్ గారోస్ ఫైనల్‌లో సినర్‌పై అల్కరాస్ గెలిచింది దాంట్లోనే, 5 గంటల 29 నిమిషాలకు.

అపోహ: మట్టి మీద బంతి పడ్డ గుర్తు అబద్ధం చెప్పదు.

గొడవలన్నీ దీని దగ్గరే. గుర్తు అంటే బంతి జరిపిన పొడి, అంతే. పొడి మందంగా ఉన్నచోట అది అసలు తాకిన మేర కంటే పెద్దగా కనిపిస్తుంది, తడిచోట చిన్నగా. లైన్ మీద పొడి తక్కువ కాబట్టి లైన్‌ను తాకిన భాగం సరిగ్గా పడదు, అవతలి అచ్చే మిగులుతుంది. అంపైర్ ఆ సగం అండాకారాన్ని మనసులో పూర్తి చేసుకోవాలి. అంతకన్నా ముందు ఏ గుర్తో తేల్చుకోవాలి, ఎందుకంటే పక్కనే పాతవి నాలుగైదు ఉంటాయి.

గుర్తు చూడమని ఆటగాడు అంపైర్‌ను అడగాలంటే వెంటనే ఆడటం ఆపాలి. కొట్టి, పాయింట్ పోయాక అడిగితే చెల్లదు. అంపైర్ తేల్చకముందే గుర్తును కాలితో చెరిపేస్తే ఆ కాల్‌ను వదులుకున్నట్టే. వల దాటి అవతలి వైపు గుర్తు చూడటానికి వెళ్తే శిక్ష పడుతుంది.

ఇదంతా బంతి లోపలా బయటా అని చెప్పే లైన్ జడ్జీలున్న చోట. 2025 నుంచి మాంటె కార్లో, మాడ్రిడ్, రోమ్ వంటి ఏటీపీ (పురుషుల టెన్నిస్ సంఘం) టోర్నీల్లో కెమెరాలే అవుట్ చెబుతున్నాయి, రొలాండ్ గారోస్ మాత్రం ఆ ఏడాదీ మనుషులతోనే నడిచింది. కెమెరా లెక్కకు, నేల మీది గుర్తుకు అప్పుడప్పుడు మిల్లీమీటర్లలో తేడా వస్తుంది. అప్పుడు చెల్లేది కెమెరా మాటే, అంపైర్ కుర్చీ దిగి గుర్తు చూసే పని లేదు. 2025 మాడ్రిడ్‌లో జ్వెరెవ్ గుర్తును ఫోన్‌తో ఫొటో తీశాడు. అంపైర్ నిర్ణయం మారలేదు, క్రీడాస్ఫూర్తికి విరుద్ధమని అతనికే హెచ్చరిక పడింది.