గౌరవ వేతనం మనిషి తెచ్చిన చట్టం

భన్వరీ దేవిది జైపూర్ దగ్గర భటేరి గ్రామం. రాజస్థాన్ ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో ఆమె ‘సాథిన్’, అంటే ఊళ్లో పనిచేసే కార్యకర్త. చేతికొచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. ఆ మాటలోని మతలబు మన అంగన్‌వాడీ టీచర్లకు, ఆశాలకు వేరే చెప్పక్కర్లేదు. బాల్య వివాహాలు ఆపడం ఆమె డ్యూటీలో భాగం. ఏడాదైనా నిండని పాప పెళ్లిని ఆపబోయినందుకు, 1992 సెప్టెంబరులో పొలంలో, భర్త ఎదుటే ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు అత్యాచార అభియోగాన్ని కొట్టేసింది.

పని చెప్పిన సర్కారుకు ఇందులో పూచీ లేదా? మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకెక్కాయి. 1997 ఆగస్టు 13న జస్టిస్ జె.ఎస్. వర్మ ధర్మాసనం, పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టేందుకు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. (విశాఖ అంటే మన విశాఖపట్నం కాదు, పిటిషన్ వేసిన సంస్థ పేరు.) ఫిర్యాదుల కమిటీకి మహిళే అధ్యక్షురాలు, సభ్యుల్లో సగానికి తగ్గకుండా మహిళలు, బయటి సంస్థ నుంచి ఒకరు. నన్నడిగితే ఆ బయటి మనిషే ముఖ్యం. ఏసీఆర్ (ఏటా పనితీరుపై రాసే రహస్య నివేదిక) రాసే అధికారి మీద కిందివాళ్లు ఏం తేలుస్తారు?

1998లో కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళిలో, లైంగిక వేధింపులను నిషేధించే 3సి నిబంధన చేరింది. అసలు చిక్కు తర్వాత బయటపడింది. కమిటీ ముందు చెప్పిందంతా బాధితురాలు శాఖాపరమైన విచారణలో మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలి, మళ్లీ క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడాలి. ఎంతమంది రెండోసారి నిలబడతారు? మేధా కొత్వాల్ లేలే కేసులో 2004లో సుప్రీంకోర్టు ఆ ముడి విప్పింది: కమిటీ నివేదికే విచారణ నివేదిక.

పనిచేసే చోట లైంగిక వేధింపుల నివారణకు చట్టం రావడానికి మాత్రం పదహారేళ్లు పట్టింది. 2013 డిసెంబరు 9 నుంచి అమల్లో ఉంది. మూడు నెలల్లో ఫిర్యాదు, తగిన కారణముంటే మరో మూడు నెలలు. 90 రోజుల్లో విచారణ. ఈలోగా బాధితురాలు కోరితే బదిలీ, లేదా మూడు నెలల దాకా సెలవు.

ఉద్యోగి అంటే ఎవరన్నచోట ఈ చట్టం భటేరిని మరిచిపోలేదు. జీతమున్నా లేకున్నా, స్వచ్ఛందంగా చేసినా ఉద్యోగే. పదిమంది కూడా లేని చోట పనిచేసేవాళ్లకు జిల్లా స్థానిక కమిటీ ఉంది. మండలంలోని నోడల్ అధికారి ఫిర్యాదు తీసుకుని ఏడు రోజుల్లో దానికి పంపాలి.

ఆఫీసులోనే ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీని వేసిన ఉత్తర్వును అక్కడ అందరికీ కనబడేలా పెట్టాలి, సభ్యుల గడువు మూడేళ్లు మించకూడదు. ఈమధ్య ఒక ఆఫీసులో ఆ కాగితం చూశాను. అధ్యక్షురాలిగా పేరున్న మేడం రిటైరై చాలాకాలమైందని అటెండరే చెప్పాడు.