చెవి మిషనులో ఆరు శ్రుతి

చిత్తూరు నుంచి ఒక పాఠకురాలు రాశారు. వాళ్ళ నాన్నగారు చెవి మిషను పెట్టుకుని పాత బటన్ ఫోనులో మాట్లాడితే జుమ్మని మోత వస్తుందట. తిరుమల ఘాట్ రోడ్డులో అది ఇంకా పెరుగుతుందట. రేడియేషన్ మెదడుకు ఎక్కుతోందని పక్కింటివారు భయపెడుతున్నారట.

రేడియో తరంగం ఎవరి చెవికీ వినబడదు. ఆయనకు వినబడుతున్నది ఫోను ఆ తరంగాన్ని తునకలుగా పంపే తీరు. ఆ పాత ఫోను వాడే 2జీలో ఒకే పౌనఃపున్యాన్ని ఎనిమిది ఫోన్ల దాకా వంతులవారీగా వాడుకుంటాయి. ఒక్కో వంతు 0.577 మిల్లీసెకన్లు, ఎనిమిదీ కలిపి 4.615. అంటే మన ఫోను సెకనుకు 217 సార్లు వెలిగి ఆరుతుంది. చెవి మిషనులోని సన్నని తీగలు ఆ తరంగాన్ని యాంటెన్నాలా పట్టుకుంటాయి. మైకును ఆనుకుని ఉన్న ట్రాన్సిస్టరు తరంగాన్ని వదిలేసి దాని హెచ్చుతగ్గులను మాత్రం మిగులుస్తుంది. ఇంటర్‌లో డయోడు బొమ్మ గీయించి, మార్కులు వేసి మరిచిపోయే డీమాడ్యులేషన్ పాఠం ఇదే. దాన్ని ఈ మోతతో మొదలుపెట్టి చెబితే ఒక్క పిల్లవాడూ నిద్రపోడు.

217 హెర్ట్జ్ అంటే సంగీతంలో ఆరు శ్రుతికి, అంటే హార్మోనియం ఆరో తెల్లమెట్టుకు, కాస్త దిగువ. మిషను చెవిలో తంబురా మీటుతోందన్నమాట! తంబురాలాగే దీనికీ పైస్వరాలు దండిగా ఉంటాయి: 434, 651, 868, ఇలా వేల హెర్ట్జ్ దాకా. మాటలోని హల్లులు పలికే మేర కూడా అదే కాబట్టి అవతలివారి మాట మునిగిపోతుంది. వెలుగు ఎనిమిదింట ఒక వంతే కాబట్టి 217కు ఎనిమిది రెట్ల పైస్వరం, 1733 దగ్గరిది, గణితం ప్రకారం దాదాపు మాయం. పైగా ఆ ఎనిమిది వంతుల చుట్టు 26 సార్లు తిరిగేలోగా ఫోను ఒకసారి విరామం తీసుకుంటుంది. అందుకే ఈ తంబురా సెకనుకు ఎనిమిదిసార్లు వేలు తప్పుతుంది, మోత గరగరమంటుంది.

మరి ఘాట్ రోడ్డు సంగతి? కొండ మలుపుల్లో టవరు సరిగా అందక ఫోను గొంతు పెంచుతుంది. 900 మెగాహెర్ట్జ్‌లో 2జీ ఫోను పంపే ఒక్కో తునక శక్తి 2 వాట్ల దాకా పోగలదు. తిరుపతి ఊళ్ళో టవరు పక్కన అందులో చిన్న భాగం చాలు. శేషాచలంలో అయస్కాంత శక్తి ఉందని చెప్పేవారికి కొదవ లేదు గానీ, ఈ మోతకు ఆ శక్తితో పని లేదు.

4జీ ఫోను గరిష్ఠంగా పంపేది 0.2 వాట్ల ప్రాంతమే, దరువు కూడా అంత కరకుగా ఉండదు. 4జీలో కాల్ వెళ్ళే బటన్ ఫోన్లు ఉన్నాయి, నాన్నగారి అలవాటు మార్చనక్కరలేదు. మిషనులో ‘టీ’ అమరిక ఉంటే ఫోను స్పీకరులోని అయస్కాంత క్షేత్రాన్ని చిన్న తీగచుట్ట నేరుగా అందుకుంటుంది, మైకు ఆగి బస్టాండు రొద పోతుంది. ట్రాన్స్‌ఫార్మరు పక్కన మాత్రం అదీ గుయ్యిమంటుంది. ‘టీ’ లేకపోతే ఫోనును చెవి రంధ్రానికి ఆనించవద్దు. చెవి వెనుక పెట్టుకునే మిషనుకు మైకు చెవి పైఅంచు దగ్గర ఉంటుంది, ఫోను స్పీకరు అక్కడికి రావాలి.