పాత గిటారు వెల మూత కింద ఉంటుంది

ఫెండర్ కంపెనీ తయారుచేసే స్ట్రాటోకాస్టర్ గిటారు ముందువైపు ఒక ప్లాస్టిక్ పలక ఉంటుంది. దాన్ని పిక్‌గార్డ్ అంటారు. దాని మరలు విప్పి నెమ్మదిగా తిరగేస్తే, వాల్యూమ్ నాబ్‌కు అడుగున ఒక గుండ్రటి రేకు డబ్బీ కనిపిస్తుంది. పాత గిటార్లలో ఆ డబ్బీ మీద 1376632 వంటి ఏడంకెల సంఖ్య అచ్చొత్తి ఉంటుంది. మొదటి మూడంకెలు ఆ భాగాన్ని చేసిన సీటీఎస్ అనే కంపెనీ సంకేతం, తరువాతి రెండు 1966వ సంవత్సరం, చివరి రెండు ఆ ఏడాది 32వ వారం, అంటే ఆగస్టు నెల. అమ్మే మనిషి ఆ గిటారును 1964 నాటిదని చెబుతున్నాడనుకుందాం. అప్పుడు ఆ భాగాన్ని మధ్యలో ఎవరో మార్చి ఉండాలి, లేదా చెప్పిన సంవత్సరమే తప్పు కావాలి. దీన్ని తిరగేసి వాదించడం మాత్రం కుదరదు. 1966లో ఫెండర్ ఈ భాగాలను పెద్ద మొత్తంలో కొని, నిల్వ ఉంచుకుని, ఆ తరువాత కొన్నేళ్లు వాడింది కనుక 1969 నాటి గిటారులో కూడా ఇదే సంఖ్య న్యాయంగానే ఉండవచ్చు. ఆ భాగం అసలుదే అయితే ఆ సంఖ్య చెప్పేది ఒక్కటే: ఈ గిటారు ఇంతకు ముందు పుట్టలేదు.

రెండేళ్ల తేడాకు ఇంత పట్టింపు ఎందుకంటే, 1965 జనవరిలో సీబీఎస్ అనే ప్రసార సంస్థ ఫెండర్‌ను 1.3 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. అంతకు ముందు తయారైన గిటార్లకు కొనుగోలుదారులు ఇప్పటికీ ఎక్కువ ఇస్తారు. అందువల్ల ఆ రేకు డబ్బీ మీది ఏడంకెలు గిటారు పలికే తీరును పిసరంతైనా మార్చకపోయినా, దాని వెలను గణనీయంగా మార్చగలవు. ఖరీదైన గిటారును తిరిగి అమ్మేటప్పుడు వచ్చే ధరలో నాదానికి దక్కే వాటా మనం అనుకునే దానికన్నా తక్కువ. మిగిలినదంతా ఆ వాద్యం తన గురించి తాను ఇవ్వగలిగిన సాక్ష్యానికి దక్కుతుంది.

ఈ మాట వాయించేవారికి రుచించదని తెలుసు. అయితే వయొలిన్ల విషయంలో దీనికి ప్రయోగాధారం ఉంది. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో వాద్యాల ధ్వనిని పరిశోధించే క్లాడియా ఫ్రిట్జ్ బృందం 21 మంది వయొలిన్ విద్వాంసులకు, ఏది ఏదో కనిపించని ఏర్పాటు చేసి, మూడు కొత్త వాద్యాలను, మూడు పాత ఇటాలియన్ వాద్యాలను ఇచ్చి వాయించమంది. ఎక్కువమంది కొత్తవాటినే మెచ్చుకున్నారు. అన్నిటికన్నా తక్కువ ఓట్లు పడింది ఎంతో పేరుపడ్డ ఒక స్ట్రాడివరీ వయొలిన్‌కు. ధ్వనిలో ఎక్కువ భాగం పికప్‌ల (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంత భాగాల) నుంచి, యాంప్లిఫయర్ నుంచి వచ్చే ఎలక్ట్రిక్ గిటారులో చెవి సాక్ష్యం ఇంకా బలహీనంగానే ఉంటుంది. కాబట్టి వెల కట్టేవాడు గిటారును యాంప్లిఫయర్‌కు తగిలించే ముందు మరలు విప్పే స్క్రూడ్రైవర్‌ను, ఒక అతినీలలోహిత దీపాన్ని చేతిలోకి తీసుకుంటాడు.

ఆ దీపం పని తెలియాలంటే గిటారు మీది పూత గురించి కొంత చెప్పుకోవాలి. 1950లలో గిబ్సన్, ఫెండర్ కంపెనీలు వాడిన మెరుగు నైట్రోసెల్యులోజ్ లాకర్, అంటే నైట్రిక్ ఆమ్లంతో మార్పు చెందించిన సెల్యులోజ్‌ను ద్రావణిలో కరిగించి పల్చగా చల్లిన పూత. ద్రావణి ఎగిరిపోయాక మిగిలే పొర పగలకుండా ఉండేందుకు అందులో ప్లాస్టిసైజర్ అనే మెత్తబరచే పదార్థాన్ని కలుపుతారు. దశాబ్దాలు గడిచేకొద్దీ అది కొద్దికొద్దిగా బయటికి పోతుంది; పూత పెళుసుబారి, పసుపెక్కి, కింది చెక్క చలికీ వేడికీ ముడుచుకుని వ్యాకోచించినప్పుడు దానితోపాటు సాగలేక సన్నటి గీతలుగా పగులుతుంది. అలా ముదిరిన పూత అతినీలలోహిత కాంతిలో పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో మెరుస్తుంది. నిన్న మొన్న చల్లిన పూత అలా మెరవదు. చీకటి గదిలో దీపాన్ని నెక్ (గిటారు పొడవాటి మెడ) వెంట నడిపిస్తూ పోతుంటే, ఒకచోట ఆ పసుపు వెలుగు ఆగిపోయి అరచేతి మేర నల్లటి మచ్చ కనబడితే, అక్కడ ఎవరో ఏదో కప్పిపుచ్చారని అర్థం. పగటి వెలుతురులో ఎంత నేర్పుగా రంగు కలిపినా ఆ మచ్చ దాగదు.

రంగు కూడా సాక్ష్యమే. 1958 నుంచి 1960 వరకు గిబ్సన్ చేసిన సన్‌బరస్ట్ (అంచుల్లో ఎరుపు, మధ్యకు వచ్చేసరికి పసుపు) లెస్‌పాల్ గిటార్లు రెండు వేలకు మించవు. వాటి తొలి సంవత్సరాల ఎరుపు వెలుతురుకు వెలిసిపోయే రకం. చాలా గిటార్ల మీద ఇప్పుడు మిగిలింది తేనె రంగో, పలచని టీ రంగో. కానీ పికప్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రాన్ని తీసి చూస్తే, వెలుతురు సోకని ఆ కాస్త మేర ఇంకా తాజా ఎరుపు ఉంటుంది. చట్రం కింద కూడా తేనె రంగే ఉందంటే ఆ పూత అసలుది కాదేమోనని అనుమానించాల్సిందే. బాడీ మొత్తానికి కొత్త పూత వేసిన పాత గిటారు వెల సగానికి సగం పడిపోతుందన్నది వ్యాపారుల్లో బాగా పాతుకుపోయిన లెక్క. అరిగి, గీతలు పడి, చెమటకు మెరుగు ఊడిన అసలు పూత, అద్దంలా మెరిసే కొత్త పూతకన్నా రెట్టింపు విలువ చేస్తుందన్నమాట. మరో వింత ఏమిటంటే, నైట్రో పూత కొన్ని రకాల రబ్బరుతో పడదు. రబ్బరు తొడుగులున్న స్టాండ్‌కు నెలల తరబడి ఆనించి ఉంచితే, రబ్బరులోని మెత్తబరచే పదార్థం పూతలోకి పాకి, ఆ చోట అది జిగురుగా మారి మచ్చ పడుతుంది. గిటారు వెలను ఇంత నిశ్శబ్దంగా తగ్గించే వస్తువు ఇంట్లో మరొకటి ఉండదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చేది హెడ్‌స్టాక్ విరగడం. లెస్‌పాల్ గిటారులో తీగలు చుట్టే తల భాగం నెక్‌కు సూటిగా ఉండదు, 17 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. నెక్‌నూ తలనూ ఒకే మహాగని దుంగ నుంచి కోయడం వల్ల, నెక్ పొడవునా సాగే చెక్క పీచు ఆ వంపు దగ్గర ఏటవాలుగా తెగిపోతుంది. చెక్క ఎప్పుడూ పీచు వెంటే సులువుగా చీలుతుంది. సరిగ్గా అక్కడే, నెక్‌లోని ఉక్కు కడ్డీని బిగించే నట్టు కోసం చెక్కను ఇంకా తొలుస్తారు. ఈ బలహీనమైన చోటు మీద ఆరు తీగలు కలిసి దాదాపు 45 కిలోల బరువంత లాగుడుతో రాత్రింబగళ్లు పనిచేస్తుంటాయి. గిటారు తన పెట్టెలో భద్రంగా ఉండగానే ఆ పెట్టె పక్కకు ఒరిగి పడితే చాలు, కదలిక ఆగిన నెక్‌కు, ఇంకా కదులుతున్న తలకు మధ్య చెక్క చీలిపోతుంది. ఫెండర్ గిటార్ల మేపుల్ తల నెక్‌తో దాదాపు సమాంతరంగా ఉండటం వల్ల అవి ఇలా విరగడం అరుదు.

మంచి పనివాడు జిగురుతో అతికిస్తే ఆ అతుకు చుట్టూ ఉన్న చెక్కకన్నా గట్టిగా నిలుస్తుంది, వాయించేవారికి తేడా తెలియదు. అయినా వెల 40 నుంచి 50 శాతం దాకా తగ్గుతుంది. కారణం చెక్కలో లేదు, కొనేవాడి తలలో ఉంది. కొనేవాడు రేపు అమ్మబోయేవాడు కూడా. తనకు లేని భయం తన తరువాత కొనేవాడికి ఉంటుందేమో అన్న భయానికి అతడు ఇవాళే తగ్గింపు అడుగుతాడు. అమ్మేవాడికి తెలిసినది కొనేవాడికి తెలియని సరుకుల బజారులో మంచి సరుకు ధర కూడా ఎలా పడిపోతుందో జార్జ్ అకర్‌లాఫ్ 1970లో పాత కార్లను ఉదాహరణగా తీసుకుని చూపించాడు. ఆ పరిశోధనకు గాను 2001లో నోబెల్ బహుమతిలో భాగం పొందాడు. గిటార్ల బజారులో ఆ సూత్రం ఇంకా తీవ్రంగా పనిచేస్తుంది, ఎందుకంటే కారులా దీనికి తనిఖీ ఉండదు.

ఇక లెక్కకు వస్తే, మొదటి పొరపాటు అడిగే ధరలను చూసి వెల నిర్ణయించుకోవడం. సరైన ధర చెప్పిన గిటారు వారంలో అమ్ముడుపోయి జాబితాలోంచి మాయమవుతుంది; ఎక్కువ చెప్పినది నెలల తరబడి అక్కడే ఉంటుంది. అందుచేత ఏ రోజు చూసినా కంటికి ఎక్కువగా ఆనేవి అమ్ముడుపోని ధరలే. జరిగిన అమ్మకాల ధరలను మాత్రమే తీసుకోవాలి, వాటి సగటును కాక మధ్యగతాన్ని, అంటే వరుసగా పేర్చినప్పుడు సరిగ్గా నడుమ ఉండే ధరను చూడాలి. ఐదు అమ్మకాలు 90, 95, 100, 105, 210 అనుకుంటే సగటు 120 వస్తుంది. ఆ ధరకు దగ్గరగా ఒక్క గిటారు కూడా అమ్ముడుపోలేదు. మధ్యగతం 100. ఆ 210 పెట్టి కొన్నవాడికి ఏదో ప్రత్యేక కారణం ఉండి ఉంటుంది, అది మన గిటారుకు వర్తించదు.

రెండో పొరపాటు లోపాలను కూడి తీసివేయడం. కొత్త పూతకు 50 శాతం, అతికిన తలకు 40 శాతం చొప్పున తీసేస్తే పదే మిగులుతుంది. అది అసంబద్ధం. రెండో లోపం తగ్గించేది మొదటి లోపం తరువాత మిగిలిన విలువలోంచే కనుక వాటిని గుణించాలి: 0.5ను 0.6తో గుణిస్తే 0.3, అంటే 30 మిగులుతుంది. నిజానికి అంతకన్నా కొంచెం ఎక్కువే రావచ్చునని నా అభిప్రాయం. మొదటి పెద్ద లోపంతోనే సేకరణ కోసం కొనేవారు వెళ్లిపోతారు, మిగిలేది వాయించడానికి కొనేవారు; వారికి అతుకు ఉంటే ఏమిటి, గట్టిగా ఉంటే చాలు. పైగా కింది వైపు ఒక నేల ఉంటుంది. ఆ కాలపు పికప్‌లు, వంతెన, నాబ్‌లు, చివరికి పెట్టె కూడా విడివిడిగా అమ్ముడుపోతాయి, కాబట్టి మొత్తం గిటారు వెల వాటి కూడిక కన్నా దిగువకు పోదు. వెల మరీ పడిపోయిన గిటార్లను కొందరు విడదీసి అమ్మేస్తారు. లాభం వస్తుంది కానీ అది చూడటానికి నాకు బాధగానే ఉంటుంది.

ఇప్పుడు తయారవుతున్న ఖరీదైన గిటార్లకు లెక్క సులభం. అదే మోడల్ దుకాణంలో కొత్తగా దొరుకుతున్నంత కాలం పాతదాని ధర కొత్తదాని ధరను దాటదు. తయారీదారు ఇచ్చిన ధ్రువపత్రం, అసలు పెట్టె, సీరియల్ సంఖ్య సరిపోలితే చాలు. 1990ల మధ్య నుంచి ఫెండర్ కస్టమ్ షాప్ ఫ్యాక్టరీలోనే అరగదీసి, గీతలు పెట్టి అమ్ముతున్న గిటార్ల సంగతి మాత్రం నవ్వు తెప్పిస్తుంది: పనివాడు సుత్తితో చేసిన నొక్కు ధరను పెంచుతుంది, దాని పక్కనే యజమాని చేతి ఉంగరం చేసిన నొక్కు ధరను తగ్గిస్తుంది. దేశం దాటించి అమ్మాలంటే చెక్కనూ చూడాలి. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ 1992 నుంచి అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందపు మొదటి అనుబంధంలో ఉంది, అనుమతి పత్రాలు లేకుండా అది సరిహద్దు దాటకూడదు.

చేతులు మారిన చరిత్ర రుజువైతే పై నియమాలన్నీ తలకిందులవుతాయి. పింక్ ఫ్లాయిడ్ బృందపు గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ వాయించిన నల్ల స్ట్రాటోకాస్టర్‌లో నెక్, పికప్‌లు, పిక్‌గార్డ్ అన్నీ ఎప్పుడో ఒకప్పుడు మారినవే. మరొకరిదైతే భాగాల ధరకు పోయేది. 2019 జూన్‌లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో అది 39.75 లక్షల డాలర్లు పలికింది.

చివరగా పికప్‌లు. 1957 నుంచి గిబ్సన్ వాడిన, సెథ్ లవర్ రూపొందించిన హంబకర్ (రెండు తీగచుట్టలుండే) పికప్‌ల అడుగున ‘పేటెంట్ అప్లైడ్ ఫర్’, అంటే పేటెంటుకు దరఖాస్తు చేశామని తెలిపే చిన్న స్టిక్కరు అంటించి ఉండేది. అందుకే వాటిని పీఏఎఫ్ అంటారు. తీగ చుట్లు పికప్‌కు పికప్‌కు మారడం వల్ల వాటి నిరోధం కూడా సుమారు 7 నుంచి 9 కిలోఓమ్‌ల మధ్య ఎక్కడైనా ఉంటుంది. మీటరు పెట్టి కొలిచేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: రాగి నిరోధం ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల గదిలో 8.0 చూపిన పికప్ 30 డిగ్రీల గదిలో 8.3 చూపిస్తుంది. ఆ తేడా చూసి తీగ మార్చారని వాదించడం తగదు.

వీటిలో కొన్నింటి లోపలి బాబిన్లు (తీగ చుట్టే ప్లాస్టిక్ కండెలు) నలుపు కాక లేత మీగడ రంగులో ఉంటాయి, వాటికి వెల ఎక్కువ. రంగు కళ్లారా చూడాలంటే లోహపు మూతను విప్పాలి. ఆ మూతను 1950లలో కర్మాగారంలో పెట్టిన రెండు టంకపు చుక్కలు పట్టుకుని ఉంటాయి. పాత టంకం మసకబారి బూడిద రంగులో ఉంటుంది, మళ్లీ కరిగిస్తే మెరుస్తూ గడ్డకడుతుంది, ఆ మెరుపు తరువాత చూసే ప్రతివాడికీ కనిపిస్తుంది. మూత విప్పితే లోపల నలుపే ఉండవచ్చు. అప్పుడు ఎవరూ తెరవని పికప్ అన్న విలువ కూడా పోతుంది. అందుకే చాలా గిటార్లు ఆ మూతలు విప్పకుండానే చేతులు మారుతుంటాయి, లోపల ఏ రంగు ఉందో ఇద్దరికీ తెలియకుండానే ధర తెగుతుంది.