దేవదాసుల పోలిక: తగవు ఎక్కడ మొదలైంది

తిరుపతిలోగానీ చిత్తూరులోగానీ పాత సినిమాల మాటొస్తే దేవదాసుగా ఎవరు బాగా చేశారన్న తగవు రాకుండా పోదు. అక్కినేని తర్వాతే ఎవరైనా అని పెద్దవాళ్లు అంటారు. షారుఖ్ ఖాన్‌ను చూసి పెరిగినవాళ్లు ఒప్పుకోరు. హిందీ పాతసినిమాలు ఎరిగినవాళ్లు దిలీప్ కుమార్‌ను ముందుకు తెస్తారు. నటుల్ని పక్కపక్కన నిలబెట్టేముందు ఎవరికి ఏ దేవదాసును రాసిచ్చారో చూడకపోవడమే ఈ తగవు తెగకపోవడానికి కారణం.

ఈ సినిమాలన్నిటికీ మూలం బెంగాలీ రచయిత శరత్‌చంద్ర చాలా చిన్న వయసులో రాసిన ‘దేవదాసు’ నవల, 1917లో అచ్చయింది. చక్రపాణి అనువాదాలతో శరత్ తెలుగిళ్లలో సొంత రచయిత అయిపోయాడు. నవలలోని దేవదాసు గొప్ప ప్రేమికుడేం కాదు, పిరికివాడు. చిన్ననాటి నుంచి ప్రేమించిన పార్వతి అర్ధరాత్రి ఒంటరిగా తన గదికి వస్తే అతను గట్టిగా ఒక్క మాట ఇవ్వలేడు. కలకత్తా వెళ్లి ఆమెను వదులుకుంటూ ఉత్తరం రాస్తాడు. ఆ తర్వాత మనసు మారి తిరిగొస్తే ఈసారి ఆమె కాదంటుంది. ఆ కోపంతో చేపల గాలం కర్ర ఎత్తి ఆమె నుదుటిమీద కొడతాడు. ఈ పిరికితనాన్ని, ఈ దెబ్బను ఏ నటుడు ఎంత దాచాడో, ఎంత చూపాడో చూడటమే అసలు పరీక్ష.

1935లో పి.సి.బారువా బెంగాలీలో తనే తీసి తనే నటించాడు. మరుసటి ఏడు బారువాయే హిందీలో తీస్తే గాయకనటుడు సైగల్ దేవదాసుగా చేశాడు, తన పాటలు తనే పాడుకున్నాడు. ఆ హిందీ సినిమాకు కెమెరా పట్టిన బిమల్ రాయ్ 1955లో దిలీప్ కుమార్‌తో మళ్లీ తీశాడు. అందుకే దిలీప్ మాట అంత తగ్గుస్వరంలో, గొణిగినట్టు ఉంటుంది. బారువా నుంచి వచ్చిన మితం అది.

తెలుగు దేవదాసు 1953 జూన్‌లో వచ్చింది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడలేదు, చిత్తూరు జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. అదే ఏడు తమిళంలోనూ అక్కినేని, సావిత్రులతోనే వచ్చింది. అందుకే రెండు భాషలూ ఇంట్లో మాట్లాడే మన సరిహద్దు ఊళ్లలో అక్కినేని దేవదాసుకు భాష అడ్డు రాలేదు. దర్శకుడు వేదాంతం రాఘవయ్య తాగుడు సన్నివేశాలను రాత్రిళ్లు తీశారు. కడుపునిండా పెరుగన్నం తిని, నిద్ర ముంచుకొస్తుండగా కెమెరా ముందుకు వెళ్లేవాణ్నని అక్కినేని చెప్పేవారు. ఆ కళ్లను దగ్గరగా చూడండి. రెప్ప సగం వాలుతుంది, లేపబోతే పూర్తిగా లేవదు. తూలడాలు తక్కువ, మత్తంతా రెప్పల్లోనే ఉంటుంది. తాగుబోతు వేషంలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. కాళ్లు తడబడేలా నటిస్తారు, కళ్లు మాత్రం చురుగ్గా ఉంటాయి.

అయితే అక్కినేని ఖాతాలో వేసే మార్కుల్లో సగం ఘంటసాలవి. తర్వాతి కాలంలో తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన గాయకుడైన ఆ గొంతే ‘జగమే మాయ’కు ప్రాణం పోసింది. సంగీత దర్శకుడు సి.ఆర్.సుబ్బరామన్ 1952లోనే కన్నుమూయడంతో మిగిలిన పనిని విశ్వనాథన్-రామమూర్తి పూర్తిచేశారు. సైగల్‌తో పోల్చేటప్పుడు ఇది మరిచిపోతే లెక్క తప్పుతుంది. అక్కడ నటన, గొంతు ఒకరివే. ఇక్కడ ఇద్దరివి.

1974లో కృష్ణ, విజయనిర్మల రంగుల్లో మళ్లీ తీశారు. పాత సినిమా జ్ఞాపకం ముందు అది నిలవలేదు. కృష్ణ నటన బాగాలేదని తేల్చేయడం మాత్రం న్యాయం కాదు. ఆయన పోటీపడింది ఒక నటుడితో కాదు, ఇరవయ్యేళ్లుగా జనం నోట నానిన పాటలతో.

2002 హిందీ దేవదాసు తిరిగొచ్చేది లండన్ నుంచి. పార్వతికి తగిలేది గాలం కర్ర కాదు, ముత్యాల హారం. గాయం కూడా నగలాగే కనిపించే సినిమాలో షారుఖ్ అంత బిగ్గరగా నటించక తప్పలేదు.

పోల్చాలనుకుంటే సినిమాలు మొత్తం చూడనక్కర్లేదు. ముందు నవల చదవండి, చిన్నదే. తర్వాత ప్రతి సినిమాలోనూ మూడు చోట్లు చూడండి: అర్ధరాత్రి గది, నుదుటి దెబ్బ, చివర దేవదాసు ప్రాణం విడిచే పార్వతి ఇంటి గుమ్మం. గదిలో మాట కన్నా మాటకు ముందు నటుడు తటపటాయించే క్షణాన్ని గమనించాలి. దెబ్బ కొట్టాక అతని చేయి ఏం చేస్తుందో చూడాలి.

దేవదాసును ప్రేమించే వేశ్య చంద్రముఖి సంగతి వేరు. నవలలో ఆమె, పార్వతి ఎదురుపడనే పడరు. 1955లో పార్వతిగా సుచిత్రా సేన్, చంద్రముఖిగా వైజయంతిమాల దారిలో ఒకరినొకరు చూసుకుంటారు, మాట ఉండదు. 2002లో ఐశ్వర్యా రాయ్, మాధురీ దీక్షిత్ కలిసి నాట్యమే చేస్తారు. వైజయంతిమాలను, మాధురిని తూచాలంటే ఈ సన్నివేశాలను పక్కన పెట్టి, దేవదాసు మొదటిసారి చంద్రముఖి ఇంటికి వచ్చి ఆమెను అసహ్యించుకునే చోటును తీసుకోవాలి. అది నవలలోనూ ఉంది.